పోలమ్మ పాట మన దేశంలో లేదట

జాలరిపేట నుంచి మాకు చేపలు తెచ్చే పోలమ్మ ఈ రోజు తట్ట దింపగానే, "నా పాట ఓపాలి పెట్టు బాబూ, ఇంతాను" అంది.

ఎండుచేపలు ఆరేస్తూ ఆమె పాడే పాటను నిరుడు ఎవరో విదేశీయులు రికార్డు చేసుకెళ్లారు. ఓడలో పనిచేసే ఆమె అల్లుడు దాన్ని సింగపూర్‌లో ఆన్‌లైన్ మ్యూజిక్ స్టోర్‌లో విన్నాడట.

వెతికాను. పోలమ్మ ఫొటోతో సహా వచ్చింది. నొక్కితే మాత్రం, 'ఈ పాట మీ దేశంలో అందుబాటులో లేదు.' మూడుసార్లు నొక్కినా అదే మాట.

"మన దేశంలో వినడానికి లేదంట పోలమ్మా" అన్నాను, తప్పు నాదే అయినట్టు.

ఆమె కాసేపు ఆ ఫొటోనే చూసింది. "మరి రేపు సేపలారేసినప్పుడు నాను పాడుకోవచ్చా బాబూ, ఒద్దంటారేటి?"

పాడుకోమన్నాను. ఏ అధికారంతో అన్నానో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.