ముప్పై వేల ముప్పై ఒకటి

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక పాత లెక్కల పుస్తకం తెరిస్తే సుద్దపొడి వాసన వచ్చింది. నాంపల్లి స్టేషన్ ఎదురు సందులో, ఒక లాడ్జి పైగదిలో, తడిగుడ్డతో బోర్డు తుడిచే సామ్యూల్ సారు గుర్తొచ్చారు. మెదక్ మిషన్ బడిలో చదివి, రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. తొంభైల మధ్యలో డిగ్రీ పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పేవారు. ఆ గదికి ఒక ఆచారం ఉండేది. కొత్తగా చేరినవారికి ఒక పెద్ద సంఖ్య ఇస్తారు. అది ఏ జాతిదో, ప్రధానమో సంయుక్తమో తేల్చి, బోర్డు మీద రాసి, కింద సంతకం పెట్టాలి. తప్పయితే పెట్టినవారే తుడవాలి.

నాకు ఇచ్చింది 30031. ఊళ్లో గడీ, భూములూ పోయి కాచిగూడలో కిరాయికి ఉంటున్నా, వీపు వంచకుండా నడవమని నేర్పిన ఇల్లు మాది. చూడగానే కిటుకు పట్టేశాను. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు గుణించి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య అది. ఆ ఆరింటిలో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. 'ప్రధాన సంఖ్య' అని రాసి, ఇంటిపేరుతో సహా సంతకం పెట్టాను. ఎవరికీ లొంగని సంఖ్య మాకే తగునని లోపల అనుకున్నాను కూడా.

వెనక బెంచీలోంచి స్వరూప లేచింది. మా ఊరి పిల్లే. వాళ్ల నాయనమ్మ మా పొలాల్లో నాట్లు వేసింది.

"చిన్నదొరా, జర యాభై తొమ్మిదితోని గూడ చూడుండ్రి."

గది నవ్వింది. బోర్డు మీదే భాగించాను. 509 సార్లు పోయింది, ఏమీ మిగల్లేదు. సుద్ద అక్కడే పడేసి, తుడవకుండా మెట్లవైపు నడిచాను. సారు గొంతు పెంచలేదు.

"ఆరుగుర్ని అడిగి ఊరంత ఒప్పుకున్నదని రాసినవ్ బిడ్డా. దాని వర్గమూలం దాంక, అంటే నూట డెబ్బై మూడు దాంక చూడాలె. ఇంకా ముప్పై నాలుగు ప్రధానాలున్నయి. వాటినెవరు అడగాలె?"

జరిగింది ఇంట్లో చెప్పాను. పెదనాన్న కంచంలోంచి తలెత్తలేదు.

"కూలోళ్ల పిల్ల నీ రాత దిద్దుతదా? రేపటి సంది ఆడికి పోవద్దు."

ఆయన మాటకు ఎదురు చెప్పినవారు ఆ ఇంట్లో లేరు. వెళ్లకపోతే నా తప్పు మా ఇంటిపేరుతో ఆ బోర్డు మీదే ఉండిపోతుంది.

"తప్పు నాది పెద్దనాయినా. పోయి తుడుస్త" అన్నాను.

మర్నాడు బోర్డు మీద ఆ మూల అలాగే ఉంది. సారు తాకలేదు. తడిగుడ్డతో మా ఇంటిపేరు నేనే తుడిచి, 59 × 509, సంయుక్త సంఖ్య అని రాశాను. సంతకానికి సుద్ద స్వరూపకు అందించాను. రాసింది మీరే గదా, మీరే పెట్టుండ్రి అని ఆమె తీసుకోలేదు. ఈసారి ఇంటిపేరు లేకుండా పెట్టాను. సారు దాని పక్కన 510511 వేశారు. పాత గుణకారంలో పదిహేడును కూడా చేర్చి ఒకటి కలిపిన సంఖ్య. ఈసారి నేను పదమూడు దగ్గరా ఆగలేదు, పదిహేడు దగ్గరా ఆగలేదు. పందొమ్మిదికి శేషం లేకుండా తెగింది.

సారు ఇప్పుడు లేరు. పెదనాన్న పోయేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. పెళ్లిళ్లలో మావాళ్లు ఇప్పటికీ ఫలానావాళ్ల పిల్లలకు చదువు రాదని, మన రక్తంలో తప్పు లేదని తేల్చేస్తుంటారు. ఎందాంక చూసిన్రు అని అడుగుతాను. మాట మార్చి భోజనాలకు లేస్తారు. ఈ మధ్య పిలుపులు కూడా తగ్గాయి. పిలిచిన చోటికి వెళ్తాను. వీపు వంచకుండా కూర్చుని, అదే అడుగుతాను.