కుయా నేర్పిన పులుసు, ఆతె చేయించిన తీపి

మొన్న శుక్రవారం దమ్మామ్‌లో మాతో పనిచేసే ఒకాయన తన కొడుకు పుట్టినరోజని పిలిస్తే వెళ్ళాను. చల్లని హాలు, గోడనిండా బుడగలు, ఫోన్లో చెబితే పెట్టెల్లో వచ్చిన భోజనం. చివర్లో చిన్న ప్లాస్టిక్ గ్లాసుల్లో బిస్కెట్టూ క్రీమూ మామిడిపండూ పొరలు పొరలుగా వేసిన తీపి ఒకటి అందరికీ పంచారు. పక్కన కూర్చున్నతను దానికేదో పెద్ద పేరు చెప్పాడు గానీ నేను వినలేదు. ఒక చెంచా నోట్లో పెట్టుకోగానే అల్ ఖోబర్‌లో అల్ అజీజియా పేటలోని ఒక పాత బిల్డింగు, దాని రెండో అంతస్తులో నేల మీద పరిచిన ప్లాస్టిక్ గుడ్డ, ఆ గుడ్డ అంచున కూర్చున్న మా పెద్దమ్మాయి, అన్నీ ఒక్కసారే కళ్ళముందుకు వచ్చాయి.

నా తోటివాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో జగిత్యాల వైపు నుంచి గల్ఫుకు వచ్చిన మగవాడు పనికన్నా ముందు వంట నేర్చుకోవలసి వచ్చేది. నేను ఏసీలు బాగుచేసే పనికి వచ్చాను. దమ్మామ్ క్యాంపులో మా గదివాళ్ళం వంతులు వేసుకుని వండుకునేవాళ్ళం, ఎవరి వంతు వచ్చినా పప్పు, కోడికూర, మళ్ళీ పప్పు. అలాంటి రోజుల్లో ఒకనాడు ఏదో సామాను కోసం స్టోరుకు వెళితే, స్టోరు చూసే ఫిలిప్పీన్స్ ఆయన తన మధ్యాహ్నపు డబ్బా వేడిచేసుకుంటున్నాడు. గదంతా చింతపండు వాసన. ఇంటి గడప దాటినప్పటినుంచీ అంత దగ్గరి వాసన నా ముక్కుకు తగల్లేదు. నా ముఖం చూసి ఆయనకేమనిపించిందో, డబ్బా మూతలో కొంచెం పోసి ఇచ్చాడు. రొయ్యలు, ముల్లంగి, వంకాయ, బెండకాయ వేసిన పుల్లని చారు. పసుపు లేదు, కారం లేదు, పోపు అసలే లేదు. అయినా అది మా పులుసుకు దూరపు చుట్టమే. వాళ్ళు దాన్ని సినిగాంగ్ అంటారట.

అందరూ ఆయన్ను కుయా అని పిలిచేవారు గనుక నేనూ అదే ఆయన పేరనుకున్నాను. చాలా నెలలకు తెలిసింది, వాళ్ళ భాషలో కుయా అంటే అన్న అని. తెలియకుండానే అంతకాలం అన్నా అని పిలుస్తున్నందుకు నాకు నవ్వొచ్చింది, సంతోషమూ కలిగింది. ఆయన భార్య ఖోబర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. సెలవు రోజున వాళ్ళింటికి వెళితే ఇద్దరూ కలిసి నాకు వంట నేర్పేవారు. సగం ఇంగ్లీషు, సగం అరబ్బీ, మిగతాది చేతి సైగలు. కోడిమాంసాన్ని వెనిగర్, సోయా, వెల్లుల్లి, మిరియాలతో మగ్గబెట్టే అడోబో, సేమియాకు అన్నలాంటి పాన్సిత్, ఇవన్నీ ఆ ఇంట్లోనే నా చేతికొచ్చాయి.

నేను బయల్దేరేనాటికి మా పెద్దమ్మాయి తల్లి కడుపులో ఉంది. పుట్టాక ఒక్కసారి సెలవు మీద వెళ్ళి చూశానుగానీ అప్పటికి అది పాలు తాగే పిల్ల. తర్వాత మా పరిచయమంతా ఫోన్లో గొంతుతోనే. ఎన్నో తంటాలు పడి విజిట్ వీసా తెచ్చుకుని, కుయా ఉండే బిల్డింగులోనే చిన్న గది అద్దెకు తీసుకుని, తల్లీబిడ్డలను రప్పించుకున్నాను. ఎయిర్‌పోర్టులో ఎత్తుకోబోతే పిల్ల కెవ్వుమని తల్లి కొంగులోకి దూరింది. కొత్త కదా, రెండురోజుల్లో అలవాటవుతుందనుకున్నాను.

అలవాటు కాలేదు. నేను ఇంట్లో ఉంటే అది తల్లి వెనకాలే ఉండేది. నేను కలిపిన ముద్ద ముట్టేది కాదు. బఖాలా నుంచి, అంటే వీధి కిరాణాకొట్టు నుంచి, తెచ్చిన చాక్లెట్ నేను పక్కగదిలోకి వెళ్ళాక తినేది. ఒకరోజు భోజనాల దగ్గర, నేను ఎదురుగా కూర్చునుండగానే, తల్లిని గట్టిగా అడిగింది.

"అమ్మా, ఈ మామ వాళ్లింటికి ఎప్పుడు పోతడే?"

మా ఇంటామె నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయింది. నేను మాత్రం నవ్వాను. నవ్వి, చేయి కడుక్కునే వంకతో లేచి వెళ్ళాను. విజిట్ వీసా ఎంతలో అయిపోతుంది? ఇది నన్ను మామ అనుకుంటూనే విమానం ఎక్కేస్తే, మళ్ళీ కనబడేనాటికి నేనెవరిని?

ఈలోగా ఆడవాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది. కుయా భార్యను అందరూ ఆతె అనేవారు, అంటే అక్క. మా ఇంటామె చెవికి అది అత్త అని వినబడింది, ఇక చివరిదాకా అత్తే. సినిగాంగ్ రుచి చూసి మా ఇంటామె, "పోపు లేని పులుసు పులుసెట్లయితది?" అని ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి చుయ్యిమనిపించింది. కుయా తప్పుపడతాడేమోనని నేను భయపడితే, ఆయన మళ్ళీ అన్నం పెట్టించుకున్నాడు.

పిల్ల పుట్టినరోజు వీసా గడువులోనే పడింది. సంగతి తెలిసి ఆతె పార్టీ చేయాల్సిందేనంది. పుట్టినరోజుకు పాన్సిత్ ఉండాలట, దాని పోగులు తుంచకూడదట, ఎంత పొడుగుంటే అంత ఆయుష్షట. కేకుకు మా దగ్గర ఓవెన్ లేదంటే, పొయ్యితో పనిలేని తీపి ఉందని చెప్పి నన్ను బఖాలాకు పంపింది. టీ బిస్కెట్లు, క్రీము డబ్బాలు, తీపిపాల డబ్బా, బాగా పండిన మామిడిపండ్లు తెచ్చాను.

శుక్రవారం పొద్దున ఆతె నేలమీద ప్లాస్టిక్ గుడ్డ పరిచి, మధ్యలో వెడల్పాటి ట్రే పెట్టి, నన్ను కూర్చోమంది. పిల్లను పిలవవద్దని, దానివైపు చూడను కూడా చూడవద్దని చెప్పి, మా ఇంటామెను తీసుకుని వంటింట్లోకి పోయింది. నేను బిస్కెట్లు వరసగా పేర్చాను. క్రీము పరిచాను. మామిడిముక్కలు వేశాను. మళ్ళీ బిస్కెట్లు. ట్రే మూలలు గుండ్రంగా ఉండి అక్కడ బిస్కెట్టు పట్టడం లేదు. ఏం చేయాలా అని చూస్తుంటే, ఒక చిన్న చెయ్యి వచ్చి విరిగిన ముక్కనొకదాన్ని తీసి ఆ మూలలో నొక్కింది. ఇంకో మూల దానివైపు తిప్పాను. అదీ నింపింది. తర్వాత వేలితో క్రీము నాకి, నా ముఖంలోకి చూసి, మిగతా వేళ్ళు కూడా ముంచింది. నేనూ ఒక వేలు ముంచాను. అప్పుడు నవ్వింది.

ఆ తీపి ఫ్రిజ్‌లో గట్టిపడాలి. గట్టిపడితేగా? పిల్ల క్షణానికోసారి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ఫ్రిజ్ తలుపు తీయించేది. ఆ లాగుడుకు నేనెందుకు అడ్డుచెబుతాను? చివరికి కత్తితో కోయబోతే అంతా జారిపోయింది. ఆతె నవ్వుతూ టీ గ్లాసులు తెప్పించి వాటిలో వేసిచ్చింది. కుయా పాటలు పాడాడు, గదిలో పట్టనివాళ్ళు మెట్ల మీద కూర్చుని తిన్నారు. కింది అంతస్తులో ఉండే మన హైదరాబాదు డ్రైవర్ భార్య, ఇంత మంచి తీపి ఎవరు చేశారని పిల్లను అడిగింది.

"మా బాపు జేసిండు. నేను గుడ జేసిన."

నా చేతిలో పాన్సిత్ పళ్ళెం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ నాకు గుర్తు లేదు.

అందరూ వెళ్ళాక మా ఇంటామెతో కలిసి గిన్నెలు కడుగుతూ ఆతె నా నోటితో ఆమెకు ఒక మాట చెప్పించింది. మొదటిసారి సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న తన కొడుకు తనను పిన్నీ అని పిలిచాడట. వాణ్ణి పిలవకుండా, పిండి కలుపుతూ పక్కన కూర్చుంటే, వాడే వచ్చాడట. గిన్నెలు కడగడం మధ్యలో ఆపి మా ఇంటామె ఆమెను గట్టిగా పట్టుకుంది.

కుయా, ఆతె ఎప్పుడో తమ దేశం వెళ్ళిపోయారు. ఆ బిల్డింగులో ఇప్పుడు ఎవరుంటున్నారో తెలియదు. నా తర్వాత వచ్చినవాళ్ళు డ్యూటీ దిగగానే ఫోన్లో పిల్లలతో ముచ్చట్లాడతారు, ఊళ్ళో పిల్లలు ఆ ఫోనుకే ముద్దులు పెడతారు. మంచి కాలం, నాకు అసూయ కూడా. కానీ క్యాంపులో పొయ్యిలు మాత్రం చల్లబడ్డాయి. ఒకరి గిన్నెలో ఒకరు చెంచా పెట్టే అవసరం ఎవరికీ రావడం లేదు, పక్కగదివాడి భాషలో అన్నను ఏమంటారో తెలుసుకునే తీరిక కూడా లేదు.

మా పెద్దమ్మాయి ఇప్పుడు కరీంనగర్‌లో కాపురం చేసుకుంటోంది. నన్ను చూసి ఏడ్చేదని, మామా అనేదని చెబితే ఒప్పుకోదు. ఉత్తమాట బాపూ, నిన్ను నేను గుర్తుపట్టకపోవుడేంది, అంటుంది. నేను వాదించను. దాని జ్ఞాపకంలో నేను మొదటినుంచీ ఇంట్లోనే ఉన్నాను. అలాగే ఉండనిస్తాను.