శంఖం వినబడితే చొక్కా మార్చుకున్నాను

భూకంపం వస్తే బుద్ధి ఉన్నవాడు వీధిలోకి పరిగెడతాడు. నేను పెట్టె తెరిచి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ఈ సంగతి మా బావ ఎలాగూ ఊరంతా చాటుతాడు. ముందు నేనే చెప్పేస్తే కాస్త పరువు దక్కుతుందని ఈ కలకత్తా ప్రయాణం రాస్తున్నాను.

సాయంత్రం విజయనగరంలో రైలెక్కి పొద్దున్నే సంత్రాగాఛిలో దిగాను. మా అక్కావాళ్ళుండే ఖిదిర్‌పూర్ వెళ్ళడానికి హౌరా దాకా పోనక్కర్లేదు. ఇక్కడ బస్సెక్కితే రెండో హుగ్లీ వంతెన మీదుగా తేలిగ్గా చేరవచ్చు. బస్సులో పక్కనున్న సోంపేట ఆవిడ నా సంచి వాసన పట్టింది.

"ఆవకాయేటి బాబూ?"

"అవునండీ, మా అక్కకి."

"అక్కడన్నీ పాతిళ్ళు నాయినా. మెట్లు సూసుకుని ఎక్కు."

చూసుకునే ఎక్కాను. దిగడం గురించి ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా బావ రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు. వాళ్ళ వాటా మూడో అంతస్తు. భోజనమయ్యాక నన్ను పడుకోమని, అక్కా బావా రాత్రికి చేపలు తేవడానికి బజారుకెళ్ళారు. నాకు కునుకు పట్టేసరికి మంచం ఊగింది. రాత్రంతా రైల్లో ఊగిన ఒళ్ళు, ఇంకా రైలు దిగలేదు కాబోలనుకున్నాను. ఇంతలో ఇంటింటా శంఖాలు, పూజల్లో బెంగాలీ ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ చేసే ఉలూలూ ధ్వనులు. ఏదో పెద్ద పూజే! శంఖంలో పోస్తేనే తీర్థమంటారు. నాకు మాత్రం శంఖం వినబడితే చాలు, ప్రసాదం కనబడుతుంది. చొక్కా మార్చుకుని, గిన్నె పుచ్చుకుని తలుపు తీశాను.

ఎదురు వాటా గుమ్మంలో మాషిమా శంఖం ఊదుతోంది. పిన్నిగారూ అన్నట్టు ఆ వీధంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. నన్ను చూసి, మా అక్క దగ్గర నేర్చిన తెలుగులో అంది: "భూకంపం! గిన్నె ఎందుకు?"

భూమి కదిలితే అక్కడ శంఖం ఊదుతారని నాకెవరు చెప్పారు! గిన్నె వెనక్కి దాచుకునేలోగా మా ఎదుటే మెట్లు కూలిపోయాయి.

అదృష్టం, మెట్ల మీద ఎవరూ లేరు. పైన మిగిలింది మేమిద్దరమే. ఆవిడవి మోకాళ్ళ నొప్పులు. గోడలో చేయి దూరేంత పగులు. ఇంకోసారి కదిలితే గోడా మేమూ కలిసే దిగుతాం. మేమున్నామని కిందివాళ్ళకి తెలియడానికి మాషిమా ఊదుతూనే ఉంది. ఆవిడ ఊపిరి అయిపోతుంటే నేనందుకున్నాను. తుస్సుమంది. అంత భయంలోనూ ఆవిడ నవ్వింది.

ఫైరింజన్ నిచ్చెన సందు మొగలోనే ఇరుక్కుపోయింది. పూజలకి పందిళ్ళు కట్టే కుర్రాళ్ళు వెదుళ్ళు మోసుకొచ్చారు. రేవువాళ్ళు మోకులు తెచ్చారు. వాళ్ళు అంతస్తు తరవాత అంతస్తుగా పరంజా కడుతుంటే, ఫైరువాళ్ళు ఊపి చూసుకుంటూ పైకి వచ్చారు. కింద చేపల సంచితో మా బావ గొంతు చించుకుంటున్నాడు: "బామ్మర్దీ! కదలకు, వచ్చేస్తన్నాం!"

"అతిథి ముందు," అంది మాషిమా.

పైకొచ్చిన ఫైరాఫీసరు ఆవిడ మాట వినలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, మోకులతో కట్టి దింపించాడు. పందిట్లోకి అమ్మవారు వచ్చినట్టే వచ్చింది. సందు సందంతా శంఖాలు మోగాయి. ఈసారి అది నిజంగా పూజే. ఆ వెనక నేను దిగాను, ఇస్త్రీ చొక్కా, ఖాళీ గిన్నెతో సహా. బావ నన్ను కావిలించుకుని ఏడ్చాడు. తరవాత గిన్నె చూశాడు.

"ఏటి బామ్మర్దీ, పెసాదం అందిందేటి?"

ఆ రాత్రి వీధిలోనే పెద్ద డేగిశాలో కిచిడీ వండారు. ఎదురింటివాళ్ళు మాకు గదులిచ్చారు. మసికొట్టుకున్న చేతులతోనే ఫైరాఫీసరు మా ఆవకాయ మూడోసారి వేయించుకున్నాడు. నా పెట్టే, ఆవకాయ జాడీ కూడా ఆ వెదుళ్ళ మీదనుంచే దిగాయి మరి.

వచ్చేముందు మాషిమా తన రెండో శంఖం నాకిచ్చి, ఊదడం నేర్పింది.

తిరుగు రైలు సంత్రాగాఛిలోనే. కిటికీ పక్కన కూర్చుని అనుకున్నాను: ఆ ఊళ్ళో మెట్లు పడిపోవచ్చు గానీ, మనిషిని పడనివ్వరు. బావ మాత్రం ప్లాట్‌ఫారం రేకుల కింద మట్టి ముంతలో టీ తాగుతూ, ఎవరో బెంగాలీ పెద్దాయనకి నా చొక్కా కథ చెబుతున్నాడు. రైలు కదిలింది. శంఖం తీసి, గుండెనిండా గాలి పీల్చి పూరించాను.

రేకుల కిందనుంచి ఎండలోకి ఒక్క గెంతు గెంతాడు బావ. టీ అంతా ఒంటిమీదే.

"చొక్కా మార్చుకో బావా!" అని అరిచాను.