రేపు పదింటికి బాబ్జి

బాబ్జి ఏ గుమ్మం ఎక్కినా మొదట ఒకటే ప్రశ్న. "ఇంట్లో మంచం మీదున్నోళ్లు ఎవరన్నా ఉన్నారేటండి?" నమస్కారం లేదు, ఓటు మాట లేదు. మనిషి వెదురుబొంగులా పొడుగు. రబ్బరు చెప్పుల్లో అడుగు చప్పుడు కూడా వినిపించదు. వెనక్కి తిరిగి చూసేసరికి వాకిట్లో నిలబడి ఉండేవాడు.

ఇలాంటివాణ్ణి నేను ప్రచారానికి పెట్టుకున్నాను. 2005లో అనకాపల్లి మునిసిపాలిటీకి మా వార్డు నుంచి ఇండిపెండెంటుగా నిలబడ్డాను. పార్టీ లేదు, డబ్బు లేదు. ఉన్నదల్లా బాబ్జి, అతని డీటీపీ షాపులో ఓ పాత కంప్యూటరు. అందులోకి ఏదో దేశం నుంచి పోస్టులో ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేరు సీడీ ఎక్కించాడు.

"ఊరికే ఎవరిస్తారయ్యా?" అన్నాను.

"అడిగినోళ్లందరికీ ఇత్తారండి. మనం బాగుచేసి ఇంకోళ్లకి ఇచ్చుకోవచ్చు."

"అందులో ఏం దాచారో ఏమిటో!"

"విప్పి సూసుకోవచ్చండి. దాపరికం లేదు."

దాపరికం లేనిది సాఫ్ట్‌వేరుకే. బాబ్జి సంగతి వేరు.

వార్డు ఓటర్లందరినీ ఒక షీట్‌లోకి ఎక్కించాడు. పేరు, ఇంటి నెంబరు, వయసు వరకు బాగానే ఉంది. కాలమ్ పెంచడానికి ఎవరికీ పైసా కట్టక్కర్లేదని తెలిశాక ఇక మనిషి ఆగలేదు. కుళాయి వస్తుందా, మెట్లెక్కగలరా, చెవి వినబడుతుందా, కుక్క కరుస్తుందా అంటూ నలభై ఒకటి వేశాడు. కుక్క పేరుకి వేరే కాలమ్.

ఇంతలో ఎర్రయ్య పోయాడు. బెల్లం మార్కెట్లో బరువులు మోసే కలాసీగా చేసి పక్షవాతంతో పడిపోయిన మనిషి. బాబ్జి ఆ ఇంటికి సోమవారం వెళ్ళాడు, బుధవారం వెళ్ళాడు, గురువారం ఎర్రయ్య లేడు. తర్వాతి వారం గంగాభవాని ఇంటిముందు బాబ్జి సైకిలు మూడు రోజులు కనబడింది. నాలుగో రోజు ఆమె అత్తగారి శవం లేచింది. పైగా దినకార్యం కార్డులు వేసేది బాబ్జి షాపులోనే. వీధికి ఇంకేం కావాలి!

ఆ తర్వాత సందు మొదట్లో సైకిలు కనిపిస్తే చాలు, తలుపులు వరసగా మూసుకుపోయేవి. రేడియోలు ఆగిపోయేవి. ముసురు పట్టిన ఖాళీ సందులో సైకిలు చెయిన్ చప్పుడొక్కటే వినిపించేది. కరపత్రాలు పట్టుకుని అతని వెనక నడుస్తుంటే పట్టపగలే నా వెన్ను చల్లబడేది. ఎనభై ఏళ్ళ సత్తియ్య తాత అతన్ని చూసి పెరటిగోడ దూకేశాడు. మంచం మీద ఉన్న మనిషి కాడని బాబ్జి శ్రద్ధగా రాసుకున్నాడు.

"ఆ ప్రశ్న మానేయవయ్యా, నా ఓట్లన్నీ పోతున్నాయి!"

"సరేనండి" అనేవాడు. పక్క గుమ్మంలో మళ్ళీ అదే ప్రశ్న.

పోలింగ్ వారం ఉందనగా షాపుకి వెళ్ళాను. బాబ్జి లేడు. మబ్బు పట్టి మిట్టమధ్యాహ్నమే చీకటిగా ఉంది. స్క్రీన్ మాత్రం వెలుగుతోంది. అందులో కొత్తగా నలభై రెండో కాలమ్, దానికి పేరు లేదు. ఎర్రయ్య వరసలో తేదీలు, గంటలు ఉన్నాయి. చివరి తేదీ అతను పోయిన రోజు. గంగాభవాని అత్తగారి వరసలోనూ అంతే. వార్డు మొత్తం మీద ఆ కాలమ్ నిండినవి మూడే పేర్లు. మూడోది మా అత్తగారు దేముడమ్మ. చివర రేపటి తేదీ, పది గంటలు.

తుంటి విరిగి రెండు నెలలుగా మంచాన ఉన్న మనిషి. దెయ్యాల్లేవని మీటింగుల్లో చెప్పే నేను ఇంటికి పరిగెత్తి ఆవిడ అరికాళ్ళు పట్టుకు చూశాను. వెచ్చగానే ఉన్నాయి.

"కితకితలెట్టకే!" అని కసిరింది.

మర్నాడు ప్రచారానికని బయల్దేరి, వీధి చివర్నుంచి వెనక్కొచ్చి వంటింటి తలుపు వెనక నక్కాను. చేతిలో అట్లకాడ. సరిగ్గా పదింటికి దొడ్డివైపు నుంచి ఓ పొడుగాటి నీడ వచ్చి అత్తగారి గదిలోకి పోయింది. లోపల్నుంచి మంత్రం చదివినట్టు గొణుగుడు.

"నాలుగొందల పన్నెండు, అప్పలరాజు, తండ్రి వెంకటరమణ. నాలుగొందల పదమూడు, కొండతల్లి, భర్త అప్పలరాజు..."

"ఆగరా! ఆ యెంకటరమణ పెళ్లిలో వంకాయకూర మాడిపోనాది. రాసుకో."

"రాసుకున్నానమ్మా. ముందు మజ్జిగ తాగు."

తొంగి చూశాను. ఓటర్ల లిస్టు చంకలో పెట్టుకుని, ఆవిణ్ణి మెల్లగా పక్కకి తిప్పి, వీపు కింద దిండు సర్దుతున్నాడు. నా చేతిలో అట్లకాడ జారిపోయింది.

"రోజూ వస్తున్నావా?"

"వారమైందండి. మీరందరూ ప్రచారానికి ఎల్తారు. అమ్మ ఒక్కరే ఉంటారని షీట్‌లో కనబడిందండి. పేర్లు సదివితే ఒక్కోరి కత సెప్తారండి."

"నాకు చెప్పలేదేం?" అని అత్తగార్ని అడిగాను.

"నువ్వు అడిగేవేటి?" అంది.

"మరి ఎర్రయ్య?"

"పిల్లలు పనికెల్లిపోతే పొద్దంతా గోడకేసి సూసేవోడండి. ఎల్లాల్సిన రోజులు ముందే షీట్‌లో ఏసుకునేవోణ్ణండి, ఆకరి రోజుకి ఆయన లేడు. నేనెల్లడం వల్ల పోలేదక్కగారు. పోయేలోగా ఎల్లేను."

నాకు సిగ్గేసింది. వార్డంతటికీ సేవ చేస్తానని మైకులో అరుస్తున్నాను, మా ఇంట్లో ముసలమ్మకి గ్లాసుడు మజ్జిగ అందించే దిక్కు లేదు. "ఇదంతా ఇవాళే మైకులో చెప్తానయ్యా. గెలిచేస్తాం!" అన్నాను.

బాబ్జి గొంతు పెంచడం అప్పుడే విన్నాను. "సెప్పకండి! ఓటు కోసం వచ్చేననుకుంటారు. మంచం మీదున్నోళ్లు, మనసు కష్టపెట్టుకుంటారు."

చెప్పలేదు. తొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయాను.

ఫలితాల మర్నాడు మొహం మాడ్చుకుని ఇంట్లో కూర్చున్నాను. పదింటికి బాబ్జి వచ్చాడు.

"ఎలక్షన్ అయిపోయింది కదయ్యా!"

"లిస్టు అవలేదండి."

"ఓడిపోనావు గదా, నీకు పనేటుంది? నువ్వూ కూకో" అంది అత్తగారు. కూర్చున్నాను. బాబ్జి పేజీ తిప్పి చదివాడు. "ఎనిమిదొందల పద్నాలుగు, శాంతికుమారి, భర్త అప్పలరమణ."

అది నేనే. మా అత్తగారు గొంతు సవరించుకుని, దిండు ఇంకొంచెం పైకి జరిపించుకుంది.

"బాబ్జీ, ఇయాల్టికి ఈ ఒక్క పేరే సాలురా."