ఆకు పసరు పుస్తకం

కరోనా నెమ్మదించిన మరుసటి ఏడు నన్ను హైదరాబాదు పాతబస్తీలో హుస్సేనీ ఆలం దగ్గరి శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. హోదా గ్రేడ్-టూ గ్రంథపాలకురాలు. చేతికింద ఒక్కడే అటెండరు, యాదగిరి. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం, వాటిని వర్గసంఖ్య ప్రకారం సర్దడం మా పని. వర్గసంఖ్య అంటే, ఏ విషయం పుస్తకం ఏ అరకు పోవాలో దాని వీపు మీద అంటించే అంకె.

"ఏదన్న మంచి బుక్కు చెప్పుండ్రి మేడం" అని అడిగినవాళ్లకు ఏదో ఒక కథల పుస్తకం అంటగట్టి పంపడం నాకు చేతకాదు. ఏం పని చేస్తారు, ఇంట్లో ఇంకెవరు చదువుతారు అని ముందు ఆరా తీసేదాన్ని. తేనెటీగల మీద ఒకటి, అద్దె చట్టాల మీద ఒకటి, పాత కోటల మీద ఒకటి, ఇలా ఏరి కౌంటరు పక్క బల్ల మీద వారం వారం మార్చి పెట్టేదాన్ని. వైద్యం, చట్టం పుస్తకాలకు మాత్రం ముందు అచ్చయిన సంవత్సరం చూసేదాన్ని. చరిత్ర పుస్తకం పాతదైనా పనికొస్తుంది. మందుల పుస్తకం పాతదైతే ప్రాణం మీదికి తెస్తుంది.

ఆ బల్ల మీదివన్నీ వరసపెట్టి తీసుకెళ్లిన మనిషి బాలమణి. చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో పని. ఆటో నడిపే భర్త నర్సింగ్‌కు రెండు కిడ్నీలూ చెడిపోయి ఆస్పత్రిలో డయాలిసిస్ చేయిస్తున్నారు. అతనికి చదువు రాదు. మిషను అతని రక్తం శుభ్రం చేస్తున్నంతసేపూ ఈమె పక్కన కూర్చుని పైకి చదివేది. చుక్కల గురించి, బావుల గురించి, ఏనుగుల గురించి విని, ఇంకోటి తెమ్మని అతనే పంపేవాడట.

ఒకరోజు ఆమె బల్ల వైపు చూడనైనా చూడలేదు. "ఆకు పసరు బుక్కు ఉన్నదట గద మేడం, గది ఇయ్యుండ్రి. ఆయన ఇగ మిషిన్ కాడికి రానంటుండు, గా సూదులు నాతోని కాదంటుండు. పసరు తాగితే కిడ్నీలు మంచిగైతయని దుకాణంల అందరు చెప్తున్నరు" అంది.

ఆ పుస్తకం నాకు తెలుసు. ఎవరో ఉచితంగా ఇచ్చిపోయినది, రాసినవాడు వైద్యుడు కాదు. మిషను మానేస్తే నర్సింగ్ బతకడు. యాదగిరి పక్కకు వచ్చి, "ఎవరో తీస్కపోయిండ్రని చెప్పుండ్రి మేడం, పీడ పోతది" అని గొణిగాడు. సభ్యత్వం ఉన్నవారికి అరలో ఉన్న పుస్తకం లేదనకూడదని మా నియమం. అయినా ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

చెప్పలేదు. పసరు పుస్తకంతోపాటు కిడ్నీ వైద్యుడు ఒకరు రాసిన కొత్త పుస్తకమూ తెచ్చాను. రెండూ తెరిచి, రాసిందెవరో, ఎప్పుడు అచ్చయిందో చూడమన్నాను. ఆకుల్లో ఉండే పొటాషియాన్ని చెడిన కిడ్నీలు బయటికి పంపలేవని, అది పేరుకుపోతే గుండె ఆగవచ్చని ఉన్న పేజీ ఆమె చేతే చదివించాను. నా గొంతు కూడా లేచింది. "రెండూ తీసుకెళ్లు. కానీ మిషను దగ్గర కూర్చునే చదవాలి. డాక్టరుకు చూపించకుండా ఒక్క చుక్క పసరు తాగించావో, నేను ఊరుకోను" అన్నాను.

"మీకేంది మేడం, చెప్తరు. ఇంట్ల లొల్లి పడేటిది నేను గద" అని కళ్లు తుడుచుకుంటూ రెండూ సంచిలో వేసుకుంది.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. గడువు నాటికి నర్సింగే వచ్చాడు, ఆమె భుజం పట్టుకుని. మిషను దగ్గర్నుంచి నేరుగా వచ్చాడని చేతి కట్టు చూస్తేనే తెలిసింది. అమ్మయ్య అనుకున్నాను. "మీరు గా పసరు బుక్కు దాచిపెడితే, అసలు మందు దాంట్లనే ఉన్నదనుకునేటోన్ని మేడం. మిషిన్ కాడికొస్తెనే సదువుతనన్నది, పోయిన. రెండూ ఇన్న. డాక్టర్‌సాబ్‌ను అడిగిన. మిషినే నయం" అన్నాడు.

తరవాత రెండు వానాకాలాలు బతికాడు. మిషను మానలేదు. చివరగా తీసుకెళ్లిన సముద్రాల పుస్తకం సగమే అయిందని, మిగతాది ఒక్కదాన్నే చదవలేనని చెప్పి బాలమణి తిరిగి ఇచ్చేసింది.

మంచి పుస్తకం చూపిస్తే నా పని అయిపోతుందని అప్పటిదాకా అనుకునేదాన్ని. ప్రాణభయంతో వచ్చినవారి దగ్గర చెడ్డ పుస్తకాన్ని దాస్తే, వారు దాన్నే నమ్ముతారు. దాన్ని ఎదురుగా పెట్టి, ఎందుకు నమ్మకూడదో చూపించాలి. లేదని చెప్పడం కంటే అది కష్టం.