ముగ్గురు గోలీలు, నాలుగు జట్లు

తెలిసిన విషయం మీద కంటే తెలియని విషయం మీదే మనిషికి నమ్మకం ఎక్కువగా ఎందుకుంటుందో కానీ, ఆ రోజుల్లో నాకు ఫుట్‌బాల్ మీద అలాంటి నమ్మకం ఉండేది. దోహాలో ఏ దిక్కు చూసినా స్టేడియాలు కడుతున్న కాలం అది. సిమెంటు పోసేవాడి దగ్గర్నుంచి టీ పోసేవాడి దాకా అందరూ ఫుట్‌బాల్ గురించే మాట్లాడేవాళ్ళు. నేను భీమవరం దగ్గర పుట్టి పెరిగినవాణ్ణి. ఇరవై నాలుగేళ్ళు వచ్చేదాకా కాలితో తన్నిన గుండ్రటి వస్తువంటూ ఏదైనా ఉంటే అది కొబ్బరికాయే (ఒక్కసారే తన్నాను, తర్వాత వారం రోజులు కుంటుతూ తిరిగాను). అయినా అల్ హిలాల్‌లో నలుగురం కలిసి ఉండే గదిలో రోజూ టీవీలో మ్యాచులు చూసి, కంప్యూటర్‌లో ఫుట్‌బాల్ ఆట ఆడి ఆడి, ఆరు నెలలు తిరిగేసరికి నాకు ఆటలో తెలియనిది లేదన్న నిర్ణయానికి వచ్చేశాను. నా ఉద్యోగం సైటు ఆఫీసులో డ్రాయింగులు, ఉత్తరాలు ఫైలు చేయడం. అందుకని క్యాంపులో అందరూ నన్ను ‘ఫైల్ సార్’ అనేవాళ్ళు. ఆ పేరులో కాస్త వెటకారం ఉందని తెలియడానికి మరో రెండేళ్ళు పట్టింది.

మా కంపెనీకి నాలుగు క్యాంపులు. చలికాలంలో వాటి మధ్య ఫుట్‌బాల్ పోటీలు జరిగేవి. అంతకుముందు ఏడాది ఒక క్యాంపు వాళ్ళు మంచి ఆటగాళ్ళందర్నీ తమవైపు లాక్కుని మిగతా వాళ్ళను చితక్కొట్టారట. దాంతో మా అడ్మిన్ సార్ (కేరళ ఆయన, న్యాయం విషయంలో చాలా పట్టింపు) ఆ ఏడు కొత్త పద్ధతి పెట్టాడు. ఆడాలనుకునే వాళ్ళంతా తమ పేరు, ఏ స్థానంలో ఆడతారో రాసి ఇవ్వాలి. నాలుగు జట్లూ వంతులవారీగా ఒక్కొక్కర్నే ఎంచుకోవాలి. ఏ జట్టుకు ఎంపికైతే ఆ జట్టు బస్సే ప్రతి శుక్రవారం వచ్చి ఆటగాణ్ణి ప్రాక్టీసుకు తీసుకుపోతుంది. దీన్ని డ్రాఫ్ట్ అంటారని సార్ చెప్పాడు. ఆ మాట విన్న క్షణం నుంచి నా జన్మకు ఒక ప్రయోజనం కనిపించింది.

మా సైటు ఆఫీసు ఉన్నది షహానియా దారిలోని క్యాంపులో, అందుకని నాది ఆ క్యాంపు ఎర్ర జట్టే. ఇంగ్లీషులో ఉన్న జాబితా చదవగలిగేది నేనొక్కణ్ణే కాబట్టి ఎంపిక బాధ్యత నాకు అప్పగించారు. నేను ఊరుకోకుండా, పాత డ్రాయింగు వెనకవైపు మైదానం గీసి, నాలుగు రంగుల పెన్సిళ్ళతో బాణాలు వేసి, గురువారం సాయంత్రం మెస్ గోడకు అంటించి ఉపన్యాసం మొదలుపెట్టాను. ముప్పై మంది చేరారు. కెప్టెన్ నేపాల్ వాడు, క్రేన్ ఆపరేటరు, మితభాషి. ముందు గోలు కొట్టేవాణ్ణి తీసుకుందామన్నాడు. ఇద్దరు ముగ్గురు వెనక గట్టిగా నిలబడే డిఫెండర్లు కావాలన్నారు. నేను నవ్వి, ఆధునిక ఫుట్‌బాల్‌కు ప్రాణం మధ్యలో ఉంటుందనీ, మనకు ముందు కావలసింది పదో నంబరు ఆటగాడనీ, అతను బంతిని తాకితే ఆట మొత్తం అతని చుట్టూ తిరుగుతుందనీ చెప్పాను. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని మొదట చెప్పినాయన కూడా అంత ధీమాగా చెప్పి ఉండడు.

అప్పుడు వెనక బల్ల మీద కూర్చున్న స్టోర్ మామ చెయ్యెత్తాడు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి, పదిహేనేళ్ళుగా స్టోరులో పని. క్యాంపులో చిన్నా పెద్దా అందరికీ మామే.

“సార్, ముందుగాల గోలీని తీస్కుందాం,” అన్నాడు.

మా వైపు గోలీ అంటే పిల్లలు ఆడుకునేది, లేకపోతే సోడాసీసాలో ఉండేది. నేను పకపకా నవ్వేశాను. గోల్‌కీపర్‌ని అక్కడ అలాగే అంటారని పక్కవాడు చెవిలో చెప్పాడు.

“గోల్‌కీపర్‌ని ఎవరూ ముందు తీసుకోరు మామా. ఆఖర్న మిగిలినవాణ్ణి తీసుకోవచ్చు.”

“నాలుగు టీములున్నయి. మీ కాయితంల గోలీలు ముగ్గురే ఉన్నరట గద సార్. సదువుకున్నోళ్ళు, లెక్క మీకే ఎరుకుండాలె.”

లెక్క నాకు అప్పటిదాకా ఎరుక లేదు. అయినా ముప్పై మంది ముందు అది ఒప్పుకునే వయసు కాదు. మిగతా జట్లు కూడా గోలు కొట్టేవాళ్ళ వెంటే పడతాయనీ, తొమ్మిదో వంతు దాకా ముగ్గురూ అలాగే ఉంటారనీ, దీన్నే వ్యూహం అంటారనీ వివరించాను.

మామ కాసేపు చేతులు నలుపుకున్నాడు. “మా అల్లుడు ఉన్నడు సార్, వక్రా దిక్కు క్యాంపుల. గోల్ల మంచిగ నిలవడ్తడు. వాన్ని తీస్కుంటే మన బస్సుల వస్తుండె.”

దానికి నేను అన్న మాట ఇప్పుడు రాయాలన్నా చెవులు వేడెక్కుతున్నాయి. “మామా, బంధుత్వాలు చూసుకుంటే జట్లు గెలవవు,” అన్నాను. అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు, అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా.

మర్నాడు ఉదయం అడ్మిన్ సార్ గదిలో డ్రాఫ్ట్ జరిగింది. ప్రతి వంతులోనూ మొదట ఎంచుకునే అవకాశం చీటీల్లో మాకే వచ్చింది. నేను గొంతు సవరించుకుని నా పదో నంబరు వీరుడి పేరు చదివాను. రెండో వంతులో ఆకుపచ్చ జట్టు ఒక గోల్‌కీపర్‌ని తీసుకుంది. నేను జాలిగా చూశాను. వెంటనే తెల్ల జట్టు ఇంకొకణ్ణి తీసుకుంది. నా జాలి కొంచెం తగ్గింది. పక్కన కెప్టెన్ మోచేత్తో పొడిచాడు. “వ్యూహం,” అన్నాను. మూడో వంతు మొదట్లో మళ్ళీ నా పేరే పిలిచారు. మామ అల్లుడు ఇంకా జాబితాలో ఉన్నాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ గోడ మీది బొమ్మలో ఆకుపచ్చ బాణం పెట్టినచోట ఎడమవైపు ఆడేవాడు కావాలి, వాణ్ణే తీసుకున్నాను. నా నోరు మూతపడకముందే నీలం జట్టు మామ అల్లుణ్ణి తీసుకుంది. వాళ్ళది వక్రా దిక్కు క్యాంపే. అంటే ఆ అబ్బాయి ఉన్నచోటే ఉండిపోయాడు.

పదకొండు వంతులూ అయ్యేసరికి మా జట్టులో బంతిని ముందుకు తన్నేవాళ్ళు పదకొండు మంది, ఆపేవాడు ఒక్కడూ లేడు. గోల్‌లో నిలబడమని ఒక్కొక్కర్నీ బతిమాలాను. అందరూ మర్యాదగా తల అడ్డంగా ఊపారు. చివరికి కెప్టెన్ చేతితొడుగుల జత తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. “జిస్నే లిస్ట్ బనాయా, వహీ ఖడా హోగా,” అన్నాడు. జాబితా రాసినవాడే నిలబడాలట. అతను నాతో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడింది అదే మొదటిసారి.

మొదటి మ్యాచే నీలం జట్టుతో పడింది. మరుసటి శుక్రవారం మధ్యాహ్నం, కంకర పరచిన మైదానం, చుట్టూ రెండు వందల మంది. అడ్మిన్ సారే రిఫరీ. అల్లుణ్ణి అప్పుడే మొదటిసారి చూశాను. పొడుగ్గా, సన్నగా, పాతికేళ్ళవాడు. మేకుల్లా గుచ్చే కళ్ళు, మనిషి మాత్రం నెమ్మది. నేను మూడు కొలతలు పెద్దదైన ఎర్ర చొక్కా వేసుకుని ఇవతలి గోల్‌లో నిలబడ్డాను. మొదటి గోలు నా కాళ్ళ మధ్య నుంచి పోయింది. రెండోది నేను కుడివైపు దూకితే ఎడమవైపు పోయింది. మూడోదానికి తెలివిగా ఎటూ దూకలేదు, అది నేరుగా వచ్చి పొట్టకు తగిలింది, నన్నూ వెంటబెట్టుకుని లోపలికి పోయింది. నా పదో నంబరు వీరుడు మధ్యలో నిలబడి బంతిని మోకాలి మీద ఇరవైసార్లు ఎగరేయగలిగేవాడు కానీ, పరిగెత్తమంటే మోకాలు నొప్పనేవాడు.

ఇంత జరుగుతుంటే నాకు అసలు మంట పుట్టించింది వేరే సంగతి. మా మామ, మా ఎర్ర జట్టు మామ, అవతలి గోల్ వెనక నిలబడి నీలం జట్టు గోల్‌కీపర్‌తో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. చేతిలో ఏదో ప్లాస్టిక్ డబ్బా కూడా ఉంది. పోటీలో ఓడిపోతున్నదాని కంటే ఈ నమ్మకద్రోహం ఎక్కువ బాధించింది. సగం ఆట అయ్యేసరికి అయిదు గోల్సు. విజిల్ వినగానే నేరుగా మామ దగ్గరకు పోయాను. అల్లుడు నీళ్ళకోసం వెళ్ళాడు.

“ఏంటి మామా, మన జట్టును వదిలేసి ఇక్కడ చేరారు?”

మామ డబ్బా మూత పెట్టలేక తడబడ్డాడు. అందులో అన్నం, మామిడికాయ తొక్కు పచ్చడి కలిపి ముద్దలు చేసి ఉన్నాయి.

“తప్పనుకోకున్రి సార్. పెండ్లయిన రెండు నెలలకే వచ్చిండు పిల్లగాడు. ఎనిమిది నెలలైంది. నా సెలవు దినం వానికి డ్యూటీ, వాని సెలవు దినం నాకు డ్యూటీ. అటు పోనీకి బస్సు లేదు. రెండేసార్లు సూసిన. ఇయ్యాల ఆటున్నదని ఇద్దరికి సెలవు దొరికింది. మా బిడ్డ రోజు ఫోన్ల అడుగుతది, బాపు, తింటున్నడా, బక్కగయిండా, కండ్లతోని సూసి చెప్పు అంటది. వీడియోల వాడు నవ్వుతడు, గంతే. తొక్కు ఇంటికాడికెల్లి వచ్చింది. చేతులకు అవి తొడుక్కున్నడు గద, అందుకే నేనే తినవెడ్తున్న.”

“ఆ రోజే చెప్పచ్చు కదా మామా, బస్సు కోసమని.”

“సొంతోని కోసం అడుగుతుండంటరని...” అని ఆగిపోయాడు. ఆ మాట నేను అననే అన్నాను కదా. ఆయన దాన్ని గుర్తు చేయలేదు. “ఆటైతే వాళ్ళ బస్సు ఎళ్ళిపోతది సార్. గీ ఇరవై అయిదు నిమిషాలే ఉన్నది,” అని మాత్రం అన్నాడు.

వైపులు మారాయి. మామ డబ్బా పట్టుకుని మైదానం చుట్టూ నడిచి మళ్ళీ అల్లుడి గోల్ వెనకకు చేరాడు. నేను నా గోల్‌లో నిలబడి అటే చూస్తున్నాను. ఆయనకు కావలసింది క్షమాపణ కాదు, ఇంకాస్త సమయం. చేయడానికి ఏముందా అని చూస్తే, ఆ మైదానంలో నా చేతిలో ఉన్నది ఒక్కటే, బంతి. అది బయటికి పోయినప్పుడల్లా తెచ్చి ఆట మొదలుపెట్టాల్సింది నేనే.

ఆరో గోలు తప్పి బంతి కంచె దాకా దొర్లిపోయింది. తేవడానికి పరిగెత్తలేదు. పెళ్ళివారి నడక నడుచుకుంటూ వెళ్ళాను. తెచ్చి, పెట్టి, సరిగ్గా లేదని కొంచెం పక్కకు జరిపి, బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాను. తర్వాతిసారి రెండో బూటు. ఆ తర్వాత కంట్లో ఇసుక పడింది. ఆ తర్వాత తొడ పట్టేసింది (ఏ తొడ పట్టేసిందో మర్చిపోయి రెండూ పట్టుకున్నాను). అయిదు గోల్సు వెనకబడిన జట్టు గోల్‌కీపర్ కాలయాపన చేయడం ఫుట్‌బాల్ చరిత్రలో అంతకుముందు జరిగిందో లేదో నాకు తెలియదు. కెప్టెన్ మైదానం మధ్య నుంచి వచ్చి, “సాబ్, హమ్ హార్ రహే హైఁ,” అని, మనం ఓడిపోతున్నామని చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. తెలుసన్నాను. అతను నా నుదురు ముట్టుకుని చూసి వెళ్ళిపోయాడు.

ఒక్కసారి మాత్రం పెద్ద ప్రమాదమే వచ్చిపడింది. మా పదో నంబరు వీరుడు మోకాలు నొప్పి మరిచిపోయి, బంతితో అవతలి గోల్ వైపు దూసుకుపోయాడు. నేను వాడి జట్టు గోల్‌కీపర్‌నై ఉండి, వాడు కొట్టకూడదని మనసారా కోరుకున్నాను. అల్లుడి నోట్లో అప్పుడే ముద్ద పడింది. బుగ్గ ఉబ్బి ఉండగానే ఒంటిచేత్తో బంతిని పక్కకు తోసేసి, మళ్ళీ మామ వైపు తిరిగాడు. మామ వాడి భుజం తట్టాడు. ఎర్ర జట్టు మనిషి అలా చేయకూడదు. అయినా నేను కూడా నా గోల్‌లో చప్పట్లు కొట్టాను.

నాలుగోసారి లేసు విప్పినప్పుడు అడ్మిన్ సార్ వచ్చి నా ముందు నిలబడ్డాడు. “ఓడిపోతున్నది నువ్వు. టైం వేస్ట్ చేస్తున్నదీ నువ్వే. ఎందుకు?” అని హిందీలో అడిగాడు. నేను బూటు వైపు చూశాను. ఆయన జేబులోంచి పసుపు కార్డు తీసి చూపించి, న్యాయమైన మనిషి కనుక, వృథా అయిన కాలమంతా కలిపి పన్నెండు నిమిషాలు అదనంగా ఇచ్చాడు. నాకు కావలసిందీ అదే. మా జట్టు వాళ్ళు అప్పటికే బస్సెక్కాలని చూస్తున్నారు. ఆ పన్నెండు నిమిషాల్లో నేను ఇంకో మూడు గోల్సు తిన్నాను. మామ డబ్బాలో అన్నం అయిపోయింది.

తిరుగు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. కాసేపటికి మామ వచ్చి కూర్చున్నాడు. “బిడ్డకు ఫోన్ చేసిన సార్. బక్కగైతే అయిండు గని, మంచిగనే తిన్నడని చెప్పిన,” అన్నాడు. కొంత దూరం పోయాక, కిటికీలోంచి చూస్తూనే, “నాలుగుసార్లు ఇప్పిన్రు మీరు ఆ లేసు. గంత తెలివి మొన్న మెస్సుల ఉంటే గెలుస్తుంటిమి,” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఈసారి ఆయన ఆలస్యం చేయలేదు.

సోమవారం నాడు అడ్మిన్ సార్‌కు అసలు సంగతి చెప్పి, ఇద్దరి సెలవులూ నెలకు రెండు శుక్రవారాలైనా కలిసేలా పట్టిక మార్పించాను. అందుకు పట్టింది పది నిమిషాలు, ఒక కాగితం. నా ఉద్యోగమే కాగితాలు కదా, ముందే ఎందుకు తోచలేదంటే, రంగు పెన్సిళ్ళ పనిలో ఉన్నాను.

ఇప్పుడు దోహాలోనే, ఐన్ ఖాలిద్‌లో భార్యాపిల్లలతో కాపురం. ఆఫీసులో కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు ఫుట్‌బాల్ జట్టుకు ముందు ఎవర్ని ఎంచుకోవాలా అని బల్లలు గుద్ది వాదించుకుంటుంటే, టీ తాగుతూ వింటాను, సలహా చెప్పను. ఎనిమిది గోల్సు తిని, పసుపు కార్డు చూసి, తన క్యాంపు మొత్తానికీ పిచ్చివాడిగా కనిపించిన ఆ ఇరవై నాలుగేళ్ళవాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. వాడి తర్వాత నేను చాలా సరైన నిర్ణయాలు తీసుకున్నాను, కొన్నింటికి మెచ్చుకోళ్ళు కూడా వచ్చాయి. కానీ ఒళ్ళంతా నొప్పులతో, అంత హాయిగా నిద్రపట్టిన రోజు మాత్రం వాడిదే.