వెనక బెంచీ రూలు

సీతాఫల్‌మండిలో మా చర్చి కోయిర్‌ను ఇరవై ఆరేళ్లు నడిపిన ప్రేమమణి టీచరమ్మది ఒకటే రూలు. శనివారం ప్రాక్టీసుకు రానివాళ్లు ఆదివారం పాడకూడదు, వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చోవాలి. సొంత చెల్లెలి పెళ్లికి వెళ్లొచ్చిన పాపానికి నన్నూ కూర్చోబెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఒప్పుకోవాలి, రైల్వే షెడ్డులో కేకలేసి గొంతు చెడగొట్టుకున్న జకర్యా చేత కూడా తేనెలాంటి కిందిస్వరం పలికించింది మహాతల్లి.

పోలీసు యాక్షన్ జరిగిన ఏడాది కోతపండుగ కోసం ఆమె సొంతంగా ఒక పాట కట్టింది. మూడు నెలలు మా ప్రాణాలు తోడి నేర్పింది. తీరా పండుగ ముందు శనివారం తనే రాలేదు! చేసేది లేక ప్రాక్టీసు నేను చేయించాను.

మా హార్మోనియం బాగుచేసే ఇస్మాయిల్ ఇల్లు బన్సీలాల్‌పేట్‌లో. నిజాం సర్కారు లొంగిపోయాక, రజాకార్లు చేసినదానికి అలాంటి అమాయకులు బిక్కుబిక్కుమంటూ బతికారు. ఆ మధ్యాహ్నం అతని భార్య హజీరా ఏడుస్తూ టీచరమ్మ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"పొద్దుగూకేలోపు ఇల్లు తగలబెడ్తమని చెప్పి పోయిండ్రమ్మా."

టీచరమ్మ తిన్నగా వెళ్లి వాళ్ల గడపమీద కూర్చుంది. సాయంత్రం గుంపు రానే వచ్చింది. అందులో సగంమంది ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచింది.

"ఏందిరా బిక్షం, చేతుల గదేంది?"

బిక్షం కిరసనాయిలు డబ్బా వీపు వెనక దాచుకున్నాడు. కాసేపటికి అందరూ జారుకున్నారు. దీపాలు పెట్టేదాకా ఆమె గడప దిగలేదట.

మర్నాడు ఇస్మాయిల్‌నూ హజీరానూ వెంటబెట్టుకుని చర్చికి వచ్చింది. వచ్చి, వాళ్లతోపాటు వెనక బెంచీలో కూర్చుంది. నేను గాభరాగా వెళ్లాను.

"టీచరమ్మా, లేవండి. అందరు మీకోసమే చూస్తున్నరు."

"నిన్న నేను రాలేదు గద డోరా. నువ్వే షురూ చెయ్యి."

"మీరు ప్రాణాలు కాపాడనీకి పోయిండ్రు!"

"నీకు సుత చెల్లెలి పెండ్లి గంత పెద్దదే ఉండె. పో, జెర నవ్వుకుంట పాడించు."

అంతే, నా కోపం అక్కడికక్కడే కరిగిపోయింది. కోయిర్ ముందుకు వెళ్లి చెయ్యెత్తాను. ఆమె కట్టిన పాట ఆమె లేకుండానే మొదలైంది. చరణం మధ్యలో ఆగలేక వెనక్కి తిరిగి చూశాను. ఆమె పెదవి కదపలేదు, రూలు రూలే. ఒళ్లో పెట్టుకున్న హజీరా చేతిమీద మాత్రం వేళ్లతో తాళం వేస్తూనే ఉంది.